ఇంజన్ ఆయిల్: వేళ్ల మధ్య రుద్ది చూస్తే తెలిసేది కాదు

డిప్‌స్టిక్ (ఇంజన్లో ఆయిల్ లెవల్ చూసే కడ్డీ) తీసి, చుక్కను వేళ్ల మధ్య రుద్ది, "ఇదేంటన్నా, నీళ్లలా ఉంది!" అనేవాళ్లు మా షెడ్డుకి రోజూ వస్తారు. వాళ్లనెందుకు అనడం, నాకు పని నేర్పిన మేస్త్రీ కూడా అలాగే చూసేవాడు. అంబాసిడర్ల కాలంలో అది చెల్లింది.

అపోహ: మన ఎండలకు చిక్కటి ఆయిలే పోయాలి.

వాస్తవం: బెజవాడలో బయట 45 డిగ్రీలున్నా, వేడెక్కిన ఇంజన్లో ఆయిల్ తిరిగేది 100 డిగ్రీల దగ్గర. డబ్బా మీద 5డబ్ల్యూ-30 అని ఉంటే, ఆ 30 చెప్పేది 100 డిగ్రీల దగ్గరి చిక్కదనమే. ముందున్న 5, చలిలో ఎంత తేలిగ్గా పారుతుందో చెప్తుంది. డబ్ల్యూ అంటే వింటర్, వెయిట్ కాదు. 0డబ్ల్యూ-20 అడిగే ఇంజన్లో బేరింగ్ సందులు, ఆయిల్ పంపు, వాల్వ్ టైమింగ్ మార్చే సన్నటి దారులు అన్నీ ఆ పలచదనానికి లెక్కేసి చేసినవే. అలాంటి కారుకే ఎవరో 20డబ్ల్యూ-50 పోశారు. పొద్దున్నే స్టార్ట్ చేస్తే కాసేపు టిక్‌టిక్‌మని చప్పుడు, పైగా మైలేజీ పడిపోయిందని ఓనరు గోల. ఫిల్టర్‌తో సహా మార్చి, మాన్యువల్లో ఉన్న నంబరు పోశాక చప్పుడు పోయింది.

అపోహ: నల్లబడితే ఆయిల్ అయిపోయినట్టే.

వాస్తవం: డీజిల్ బండిలో కొత్త ఆయిల్ కొన్ని వందల కిలోమీటర్లకే నల్లబడుతుంది. మసిని తనలో పట్టి ఉంచడం దాని పని. భయపడాల్సింది పాలు కలిపిన టీ రంగుకి. డిప్‌స్టిక్ మీద అలా కనిపిస్తే లోపలికి కూలెంట్ దిగుతోందేమో చూపించుకోండి.

అపోహ: ఖరీదైన సింథటిక్ ఏ బండికైనా ఓకే.

వాస్తవం: నంబరు ఒక్కటే కాదు, రకమూ కుదరాలి. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న బీఎస్6 డీజిల్ బండ్లు చాలావరకు తక్కువ బూడిద మిగిల్చే ఆయిల్ అడుగుతాయి, డబ్బా మీద ఏసీఈఏ సీ3 (యూరప్ కార్ల కంపెనీల సంఘం ఇచ్చే గ్రేడు) అని ఉండేది లాంటిది. వేరేది పోస్తే ఆ బూడిద డీపీఎఫ్‌లో పేరుకుంటుంది. మసి అయితే రీజనరేషన్‌లో, అంటే డీపీఎఫ్ వేడెక్కి తనను తాను శుభ్రం చేసుకునేటప్పుడు, కాలిపోతుంది గానీ బూడిద పోదు. కొత్త డీపీఎఫ్ ధర ఒక్కసారి అడిగి చూడండి, ఆయిల్ దగ్గర బేరమాడరు.

ఊళ్లోనే తిరిగే ఈ బండ్లలో ఇంకో చిత్రం ఉంది. డిప్‌స్టిక్ మీద లెవల్ తగ్గకపోగా పెరుగుతుంది! రీజనరేషన్ మధ్యలో బండి ఆపేస్తుంటే కాలని డీజిల్ కిందున్న ఆయిల్ చాంబర్‌లోకి దిగుతుంది. "చుక్క కూడా తాగట్లేదు" అని మురిసిపోకుండా వాసన చూడండి.

అపోహ: కారు తిరగలేదు, ఆయిల్ మార్చక్కర్లేదు.

వాస్తవం: మాన్యువల్లో 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది అని ఉంటే, ఏది ముందొస్తే అది. రెండు వీధులు తిరిగి ఆపేసే కారులో ఆయిల్ సరిగ్గా వేడెక్కదు, తేమ లోపలే ఉండిపోతుంది.

ఇక, డబ్బా మొత్తం గుమ్మరించమని అడగకండి. డిప్‌స్టిక్ పై గీత దాటితే లోపల తిరిగే క్రాంక్ తగిలి ఆయిల్ నురగ కడుతుంది. మిగిలింది మూత బిగించి డిక్కీలో పెట్టుకోండి, టాపప్‌కి పనికొస్తుంది.