అబద్ధం ఎవరితో చెప్పారు? మిస్సమ్మకీ గుండమ్మ కథకీ మధ్య మారింది ఇదే

హీరో తానెవరో దాచిపెట్టి హీరోయిన్ని ప్రేమలోకి దింపే కథ ఒకటి వచ్చిందంటే చాలు, మళ్ళీ అదే గొడవ మొదలవుతుంది. ఇది ప్రేమా, మోసమా? సరదా సినిమాని సరదాగా చూడండి, పాత క్లాసిక్స్‌లో మాత్రం లేదా ఈ అబద్ధం, మిస్సమ్మలో లేదా, గుండమ్మ కథలో లేదా అని ఒక వర్గం అంటుంది. నాకు అభ్యంతరం ఈ చివరి మాటతోనే. ఆ రెండు సినిమాలనీ ఒకే గాటన కట్టేస్తే అసలు సంగతి కనపడకుండా పోతుంది.

మిస్సమ్మ నుంచి భానుమతి తప్పుకుని ఆ పాత్రలోకి సావిత్రి ఎలా వచ్చింది, జమున ఎలా చేరింది, ఈ కథలన్నీ తెలుగు సినిమా చూసే ప్రతివాళ్ళకీ తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నా. నేరుగా 1962కి వెళ్దాం. నా లెక్కలో మలుపు అక్కడుంది.

గుండమ్మ కథ ఆ ఏడాది జూన్ 7న విడుదలైంది. దర్శకుడు కమలాకర కామేశ్వరరావు, మాటలు డి.వి. నరసరాజు. మూలం ఒక కన్నడ సినిమా. దానికి నిర్మాత చక్రపాణి గర్విష్ఠి భార్యను దారికి తెచ్చే షేక్‌స్పియర్ నాటకం ఛాయను కలిపారు. జమీందారు కొడుకులిద్దరు గుండమ్మ ఇంటి అమ్మాయిల కోసం వేషాలు కడతారు. పెద్దవాడు అంజి పేరుతో పనివాడుగా చేరతాడు. నిక్కరు వేసుకుని రోలు ముందు కూర్చుని పప్పు రుబ్బుతున్న రామారావు, పక్కనే లక్ష్మిగా సావిత్రి. ఆ దృశ్యం ఇప్పుడు చూసినా ముఖం విప్పారుతుంది, నాకూ అంతే. కానీ ఆ రోలు దగ్గర ఇద్దరికీ తెలిసింది ఒకటి కాదు. అతనికి అంతా తెలుసు. లక్ష్మికి తెలిసిందల్లా పక్కనున్నవాడు తనలాగే ఈ ఇంట్లో చాకిరీ చేసేవాడని. ఆమె మనసిచ్చింది ఆ పనివాడికి.

గుండమ్మ సొంత కూతురు సరోజ సంగతి ఇంకా కష్టం. పెళ్ళయ్యాక జమీందారు చిన్నకొడుకు రాజా తాగుబోతులా నటిస్తాడు, తన దగ్గర ఏమీ లేదని నమ్మిస్తాడు, ఆమెని తీసుకెళ్ళి తోటలో కూలిపని చేయిస్తాడు. ఆ తోట అతని తండ్రిదే. ఆమె చేతులు కందిపోతుంటే పక్కనున్న భర్తకి ఇదంతా నాటకమని తెలుసు, మామగారికి తెలుసు, హాల్లో టికెట్ కొన్న మనందరికీ తెలుసు. తెలియంది ఆమె ఒక్కదానికే. మొన్నామధ్య ఇంట్లో ఈ సినిమా పెడితే మా అమ్మమ్మ ఎప్పటిలాగే ఆ సీన్లకి నవ్వింది. మా అక్క కూతురు, పదకొండేళ్ళ పిల్ల, నవ్వలేదు. "ఈమెకి ఎప్పుడు చెప్తారు?" అని రెండుసార్లు అడిగింది. సినిమా ఆ ప్రశ్నని అసలు పట్టించుకోదు, ఎందుకంటే సరోజ పొగరు అణగాలి అనే పాఠం ముందు ఆమెకి తెలియాల్సిన నిజం చిన్నదైపోయింది.

ఇక్కడ ఏడేళ్ళు వెనక్కి వెళ్తే ఎంత తేడానో చూడండి. మిస్సమ్మ, 1955 జనవరి. ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వం, అదే విజయా సంస్థ, అదే నాగిరెడ్డి-చక్రపాణి, అదే రామారావు, సావిత్రి, నాగేశ్వరరావు, జమున, రంగారావు. ముడి కూడా అబద్ధమే. రవీంద్రనాథ్ మైత్ర రాసిన బెంగాలీ రచన మన్మొయీ గర్ల్స్ స్కూల్ దానికి ఆధారం. ఉద్యోగం లేని ఇద్దరు బి.ఏ.లు, అప్పుల్లో ఉన్న మేరీ, తిండికి దారి వెతుక్కుంటున్న ఎం.టి. రావు. అప్పాపురంలో బడికి టీచర్లు కావాలి, భార్యాభర్తలైతేనే ఇస్తారట. సరే, భార్యాభర్తలమని చెబుదాం అనుకుంటారు. ఆ అనుకోవడం ఇద్దరిదీ. అది బయటపడితే ఇద్దరి ఉద్యోగమూ పోతుంది, ఎవరికి విసుగొచ్చినా ఎప్పుడైనా నిజం చెప్పేసి బస్సెక్కొచ్చు.

మిస్సమ్మలో నవ్వంతా దీన్నుంచే పుట్టింది. బడి పెట్టిన జమీందారు ఇంట్లో వాళ్ళు ఆప్యాయంగా బొట్టు పెట్టబోతే చిరాకుపడే మేరీ, ఆ చిరాకుకి అప్పటికప్పుడు ఏదో కారణం అల్లి చెప్పి గట్టెక్కించే రావు, మధ్యలో నలిగిపోయే, వాళ్ళతో వచ్చిన దేవయ్య. ఆమె అతన్ని నిలదీస్తుంది, కసురుతుంది, వెళ్ళిపోతానని బెదిరిస్తుంది. స్క్రీన్‌ప్లే పరంగా ప్రతి సీన్లోనూ టెన్షన్ ఇద్దరి మధ్యా పంచుకుని ఉంటుంది. జమీందారు కూతురు సీతకి అతను సంగీతం నేర్పుతుంటే మేరీకి వచ్చే ఉడుకుమోతుతనం కూడా అబద్ధం వల్ల రాలేదు. ఉత్తుత్తి భార్యగా ఉండి నిజం భార్యలా బాధపడుతున్నానేంటని ఆమెకే తెలియకపోవడం వల్ల వచ్చింది. ప్రేమ కథలో అబద్ధాన్ని ఇంత బాగా వాడుకున్న ఉదాహరణ తెలుగులో నాకు ఇంకొకటి తోచదు.

మిస్సమ్మకి మచ్చ లేదని కాదు. క్రైస్తవ అమ్మాయి, హిందూ అబ్బాయి అనే అసలు చిక్కు దగ్గరికి వచ్చేసరికి మేరీ కాలి మీద పుట్టుమచ్చ బయటపడి, ఆమె జమీందారు తప్పిపోయిన కూతురు మహాలక్ష్మి అని తేలిపోతుంది. ఇద్దరూ కలిసి తేల్చుకోవాల్సింది పుట్టుమచ్చ తేల్చేసింది. అది నాకు ఇప్పటికీ లోటే.

గుండమ్మ కథని వెనకేసుకొచ్చేవాళ్ళ మాట కూడా చెప్పాలి. వేషం కట్టకపోతే అంజి ఆ గడప తొక్కేవాడే కాదు, సవతి తల్లి చేతిలో నలుగుతున్న పిల్లకి అండగా నిలబడేవాడే కాదు అంటారు. నిజమే. అయితే ఆ మాట గుండమ్మతో చెప్పిన అబద్ధానికి సరిపోతుంది. లక్ష్మితో ఎందుకు చెప్పాలి?

ఈ తేడా జంధ్యాలకి బాగా తెలుసనిపిస్తుంది. 1987లో వచ్చిన అహ నా పెళ్ళంటలో రాజేంద్రప్రసాద్ పిసినారి వేషం కట్టింది హీరోయిన్ తండ్రి లక్ష్మీపతి ముందు. పైనుంచి కోడిని వేలాడదీసుకుని దాన్ని చూస్తూ ఉత్త అన్నం తినే ఆ కోట శ్రీనివాసరావుని, అతని కంటే పెద్ద పిసినారిగా నటించి బోల్తా కొట్టించాలి. ప్రేమించిన అమ్మాయికి ఆ నాటకం తెలుసు. మోసపోయేది తండ్రి, అదీ తన పిసినారితనం వల్లే మోసపోతాడు. మనసారా నవ్వగలం.

తర్వాత ఢీ (2007), రెడీ (2008) వచ్చి శత్రువుల ఇంట్లోకే దూరి అందర్నీ ఆడించే ఫార్ములాని స్థిరపరిచాయి. వాటిలో హీరోయిన్‌కి గుట్టు తెలుసు, బకరా అయ్యేది బ్రహ్మానందం, ఇంటి పెద్దలు. ఆ మేరకు మేలే. కానీ మేరీలా ఆ అబద్ధంలో ఆమెకి సగం వాటా లేదు, అతని ప్లాన్ నడుస్తుంటే ఆమె చూస్తూ ఉంటుంది.

ఇవాళ్టి గొడవకి మూలం మాత్రం 1962 దారే. ఆ దారిలో నడిచే కథలకి ఒక కొలత ఏర్పడిపోయింది. ఫస్టాఫ్ అంతా దాపరికం, ప్రీ-క్లైమాక్స్‌లో గుట్టు రట్టు, ఒక చెంపదెబ్బో ఒక విషాద గీతమో, ఆ తర్వాత హీరో ఎంత మంచివాడో పక్కనున్నవాళ్ళు చెప్పగానే ఆమె పరిగెత్తుకొచ్చేస్తుంది. కోపం పడటానికి ఆమెకి దక్కేది పది నిమిషాలు. చూసే అమ్మాయిలు అడుగుతున్నది అబద్ధం ఉండకూడదని కాదు, ఆ పది నిమిషాల గురించి. వాళ్ళ మాటలో న్యాయం ఉంది. సినిమా కోర్టు కాదు, నాకు తెలుసు, అయినా 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 69వ సెక్షన్‌లో, తానెవరో దాచి పెళ్ళాడి శారీరక సంబంధం పెట్టుకోవడాన్ని మోసం కిందే లెక్కేశారు. థియేటర్ బయట మోసం అనే మాట బరువు మారిపోయాక థియేటర్లో నవ్వు పాత నవ్వులాగే ఉండాలంటే ఎలా?

మిస్సమ్మ దారి పూర్తిగా మూసుకుపోలేదు. 2022లో అంటే సుందరానికీ అచ్చం ఆ ముడితోనే వచ్చింది. మళ్ళీ హిందూ అబ్బాయి, క్రైస్తవ అమ్మాయి, ఇద్దరూ కలిసి ఎవరి ఇంట్లో వాళ్ళు ఆడే అబద్ధం. ఈసారి పుట్టుమచ్చ ఆదుకోలేదు, ఇద్దరూ ఇళ్ళల్లో నిలబడి తేల్చుకోవాల్సి వచ్చింది.

2023లో మిస్ శెట్టి మిస్టర్ పోలిశెట్టి ఇంకో పని చేసింది. అక్కడ దాచింది ఆమె. పెళ్ళి వద్దు, బిడ్డ కావాలి, అందుకు దాతగా పనికొస్తాడా అని అతన్ని చూస్తుంటుంది, అతనేమో ప్రేమనుకుంటాడు. ప్రేమిస్తున్నానని అతను చెప్పాక అసలు విషయం ఆమే నోరు తెరిచి చెప్పేస్తుంది, ఇంకా కథ చాలా ఉండగానే. అతనికి దెబ్బ తగులుతుంది, దాన్ని తట్టుకోవడానికి సినిమా అతనికి చోటిస్తుంది, ఒప్పుకోవాలో వద్దో అతనే ఆలోచించుకుంటాడు. తోటలో పని చేస్తున్న సరోజ దగ్గరికి అలా ఎవరూ వచ్చి చెప్పలేదు.