పరీక్ష ఒకరిది, శిక్ష ఇంకొకరిది: ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో డోపింగ్

2022 అక్టోబర్ 5, బుధవారం. లండన్ ఓ2 ఎరీనాలో క్రిస్ యూబ్యాంక్ జూనియర్, కానర్ బెన్ తలపడటానికి ఇంకా మూడు రోజులుంది. వీళ్ళ తండ్రులు 1990లో ఒకసారి, 1993లో ఒకసారి రింగులో తేల్చుకున్నవాళ్ళు. ఇప్పుడు కొడుకుల వంతు అనేసరికి ఊరంతా ఊగిపోతోంది. సరిగ్గా ఆ రోజే ఓ పత్రిక బయటపెట్టింది, బెన్ శాంపిల్‌లో క్లోమిఫిన్ దొరికిందని. పిల్లల కోసం తిరిగే ఆడవాళ్ళకి మన డాక్టర్లూ రాసే మాత్రే అది. మగవాళ్ళు వేసుకుంటే టెస్టోస్టెరాన్ పెరుగుతుంది, అందుకే ఆటల్లో నిషేధం.

అసలు విడ్డూరం ఆ తర్వాత మొదలైంది. పోటీకి వీల్లేదని బ్రిటిష్ బాక్సింగ్ బోర్డు చెప్పింది. అయినా ప్రమోటర్లు జరిపి తీరాలని పట్టుబట్టారు. ఆ సాయంత్రం బెన్ అభిమానుల ముందు గ్లవ్స్ తొడుక్కుని కసరత్తు కూడా చేశాడు. గురువారానికి గానీ రద్దు కాలేదు. ప్రమోటర్లకి దొరికిన పట్టు ఏమిటంటే, శాంపిల్ పట్టుకున్నది బోర్డు గుర్తించిన యూకే యాంటీ డోపింగ్ కాదు. ఆ సంస్థ చేసిన పరీక్షల్లో బెన్ శుభ్రంగానే తేలాడు. దొరికింది అమెరికాకి చెందిన వాలంటరీ యాంటీ డోపింగ్ అసోసియేషన్ పరీక్షలో. పేరులోనే ఉంది కదా, వాలంటరీ! బాక్సర్లు ఒప్పుకుని చేరితే, ఎవరో ఒకరు ఖర్చు భరిస్తే, అది శాంపిళ్ళు తీసుకుంటుంది. ఫలితం చెబుతుంది. శిక్ష వేసే అధికారం దానికి లేదు.

ఇలాంటి ఏర్పాటు ఎందుకొచ్చిందో తెలియాలంటే 2003కి వెళ్ళాలి. ఆ సెప్టెంబర్‌లో షేన్ మోస్లీ ఆస్కార్ డి లా హోయాని ఓడించాడు. ఆటగాళ్ళకి చాటుగా నిషేధిత మందులిచ్చిన బాల్కో అనే అమెరికా కంపెనీ కుంభకోణం బయటపడ్డాక, ఆ పోటీకి ముందు దాని యజమాని విక్టర్ కాంటే ఇచ్చిన 'క్లియర్', 'క్రీమ్' అనే స్టెరాయిడ్లూ, రక్తంలో ఎర్రకణాల్ని పెంచే ఈపీవో వాడానని గ్రాండ్ జ్యూరీ ముందు మోస్లీ చెప్పాడు. అవి నిషేధితమని తనకి తెలియదన్నాడు. కానీ ఆ గెలుపు నేటికీ రికార్డుల్లో గెలుపుగానే ఉంది. అప్పట్లో పోటీ రోజు తీసుకునే మూత్రపరీక్షే పరీక్ష. వారాల ముందు వాడి మానేసినవాడిని అది ఏం పట్టుకుంటుంది?

తర్వాత ఫ్లాయిడ్ మేవెదర్ ఈ విషయాన్ని బేరసారాల బల్ల మీదికి తెచ్చాడు. మ్యానీ పాక్వియావోతో 2010 మార్చిలో జరగాల్సిన పోటీ, ఎప్పుడు పడితే అప్పుడు రక్తం తీసే పరీక్షల దగ్గర చెడిపోయింది. పాక్వియావో ఎన్నడూ డోప్ పరీక్షలో దొరకలేదు, అది వేరే సంగతి. మేవెదర్ ఆ మేలో ఇంకొకరితో తలపడ్డాడు, ఒలింపిక్ తరహా రక్తపరీక్షలు పెట్టించి మరీ. ఆ ఇంకొకరు ఎవరనుకున్నారు? మోస్లీయే.

నెవాడాలో రింగ్ డాక్టరుగా పనిచేసిన మార్గరెట్ గుడ్‌మన్ 2011లో వాలంటరీ సంస్థని స్థాపించింది. దొంగలు దొరకడం మొదలైంది. మరి దొరికాక? 2012 అక్టోబర్‌లో బ్రూక్లిన్ బార్‌క్లేస్ సెంటర్‌లో మొట్టమొదటి బాక్సింగ్ రాత్రి. దానికి ముందే, ఆ రాత్రి తలపడాల్సిన ఎరిక్ మొరాలెస్ శాంపిళ్ళలో క్లెన్‌బ్యుటెరాల్ అనే నిషేధిత మందు బయటపడింది, ఆ పరీక్ష చేసింది అమెరికా డోపింగ్ నిరోధక సంస్థ. అయినా అక్కడ బాక్సింగ్‌కి అనుమతులిచ్చే న్యూయార్క్ కమిషన్ పోటీని ఆపలేదు. 2021లో బాక్సర్ ఆస్కార్ వాల్డెజ్‌కి వాలంటరీ సంస్థ పరీక్షలో ఫెంటర్మిన్ అనే ఉత్ప్రేరకం తేలినప్పుడు ఆరిజోనాలో ఆ పోటీని చూస్తున్నది ఒక ఆదివాసీ తెగకి చెందిన కమిషన్. ఆ మందు పోటీ రోజున వాడితేనే తప్పు అనే ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) నియమం పట్టుకుని అది పచ్చజెండా ఊపింది. వాలంటరీ సంస్థ లెక్కలో అదే మందు ఎప్పుడు వాడినా తప్పే. ఒకే శాంపిల్, రెండు తీర్పులు.

అమెరికాలో బాక్సింగ్ రాష్ట్రాల చేతిలో ఉంది, తెగల భూముల్లో తెగల చేతిలో. 1996లో ఒక చట్టం, 2000లో మహమ్మద్ అలీ పేరు మీద ఇంకొకటి వచ్చాయి. అలీ చట్టం ఒప్పందాల మోసాలూ ర్యాంకింగుల అక్రమాల గురించే ఎక్కువ బెంగపడింది. దేశమంతటికీ ఒకే నియంత్రణ సంస్థ కోసం సెనేటర్ జాన్ మెకెయిన్ ఏళ్ళ తరబడి తిరిగాడు, పని కాలేదు. పైన బెల్టులిచ్చేవి నాలుగు సంస్థలు, ఎవరి రాజ్యం వాళ్ళది.

బెన్ విషయంలో ఈ గందరగోళమంతా ఒకేచోట కనిపిస్తుంది. 2023 ఫిబ్రవరిలో, బెల్టులిచ్చే ఆ నాలుగింటిలో ఒకటైన డబ్ల్యూబీసీ, అతను గుడ్లు బాగా ఎక్కువ తినడం దీనికి సహేతుకమైన వివరణ అంది. గుడ్ల మాట తానెప్పుడూ అనలేదని బెన్ వాపోయాడు! బ్రిటన్‌లో కేసు నలుగుతుండగానే ఫ్లోరిడాలో ఒకటి, లాస్ వేగస్‌లో ఒకటి పోటీలు ఆడి గెలిచాడు. ఒక దేశంలో తలుపు మూస్తే మరో దేశంలో కిటికీ తెరిచే ఉంటుంది. చివరికి 2024 నవంబర్‌లో డోపింగ్ కేసులు వినే బ్రిటన్ ప్యానెల్, ఆరోపణ రుజువు కాలేదని అతన్ని వదిలిపెట్టింది.

2025 ఏప్రిల్ 26న ఆగిపోయిన పోటీ జరిగింది. యూబ్యాంక్ గెలిచాడు. ఓ2లో 20 వేల మందికి మించి పట్టరు. ఈసారి టాటెన్‌హామ్ ఫుట్‌బాల్ స్టేడియం తీసుకున్నారు, 65 వేలమందికి పైగా వచ్చారు.