డిస్క్ రైట్ పెడితే సిస్టం బిగుసుకుపోతోందా? అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో కంప్యూటర్ రిపేర్లు చేస్తుంటాను. మాఘమాసం పెళ్లిళ్లు మొదలయ్యాయంటే బొబ్బిలి, రాజాం, చీపురుపల్లి వైపు నుంచి ఫోటో స్టూడియోల వాళ్లు సీపీయూ డబ్బాలు బస్సులో పెట్టుకుని వచ్చేస్తారు. పెన్‌డ్రైవ్‌లు వచ్చి ఎన్నాళ్లయినా ఆల్బమ్‌తో పాటు డిస్క్ కావాలనే పెద్దవాళ్లు మా వైపు ఉన్నారు. స్టూడియోల్లో ఎక్స్‌పీ, విండోస్ 7 నడిచే పాత సిస్టంలూ ఉన్నాయి. అందరి గోడూ దాదాపు ఒకటే: "ఏటన్నా, డీవీడీ రైట్ పెడితే మౌస్ కూడా కదల్డం నేదు!"

అపోహ: రైటింగ్ బరువైన పని, ప్రాసెసర్ 100 శాతానికి పోవడం మామూలే.

కాదు. డీవీడీకి 1ఎక్స్ వేగం అంటే సెకనుకు సుమారు 1.38 ఎంబీ, 16ఎక్స్ అన్నా 22 ఎంబీ. ఆ మాత్రం డేటా పాత పెంటియం 4కి కూడా లెక్కలోది కాదు. అసలు డేటాను మోసేది ప్రాసెసర్ కాకూడదు. డీఎంఏ అనే పద్ధతిలో ప్రాసెసర్ "ఇక్కడి నుంచి ఇంత తీసుకో" అని చెప్పి తన పని తను చూసుకుంటుంది, మెమరీకీ డ్రైవ్‌కీ మధ్య డేటాను కంట్రోలరే చేరవేస్తుంది. పెళ్లింట్లో పెద్దాయన సామాను ఎక్కడ దింపాలో చెప్తే చాలు కదా, ఆయనే బియ్యం బస్తాలు మోయడం మొదలుపెడితే వచ్చినవాళ్లను పలకరించేదెవరు? పీఐఓ అనే పాత పద్ధతిలో (మోడ్‌లో) జరిగేది సరిగ్గా అదే, ప్రతి ముక్కనూ ప్రాసెసరే మోస్తుంది. పైగా పీఐఓ 4వ మోడ్‌కి కాగితం మీద గరిష్ఠ వేగమే సెకనుకు 16.6 ఎంబీ, 16ఎక్స్‌కి అది చాలదు. రాయబోయే డేటా వచ్చి నిలిచే చిన్న మెమరీ (బఫర్) ఖాళీ అయినప్పుడల్లా డ్రైవ్ ఆగి మళ్లీ మొదలవుతుంది. అలా ఆగి మళ్లీ మొదలయ్యే రక్షణ లేని పాత రైటర్లలో అయితే డిస్క్ పాడైపోయినట్టే.

అపోహ: టాస్క్ మేనేజర్‌లో ఏ ప్రోగ్రామూ ఎక్కువ తినట్లేదు, కాబట్టి వైరస్.

ఈ మాట వారానికొకసారైనా వింటాను. పీఐఓలో పోయే సమయంలో చాలావరకు ఇంటరప్ట్‌ల (పరికరాలు ప్రాసెసర్‌ని పిలిచే పిలుపుల) ఖాతాలో పడుతుంది, ఎక్స్‌పీ ప్రాసెస్‌ల జాబితా దాన్ని విడిగా చూపించదు. పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో వ్యూ మెనూకి వెళ్లి షో కెర్నల్ టైమ్స్ పెట్టండి. ఎర్ర గీత (విండోస్ లోపలి పనికి పోయే సమయం) పచ్చ గీతను (మొత్తం వాడకాన్ని) అంటిపెట్టుకుని పైకి పోతుంటే నేను ముందు డ్రైవ్ మోడ్ చూస్తాను, వైరస్ సంగతి తర్వాత.

అపోహ: ఫార్మాట్ కొడితే పోతుంది.

నాకు బాగా బాధ కలిగించేది ఇదే. ఒక స్టూడియో కుర్రాడు రెండు నెలల్లో మూడుసార్లు ఫార్మాట్ కొట్టించుకున్నాడు, ర్యామ్ కూడా పెంచుకున్నాడు, మూడోసారి ఎడిటింగ్ సగంలో ఉన్న రెండు పెళ్లిళ్ల ఫైళ్లు పోయాయి. ఫార్మాట్ కొట్టిన ప్రతిసారీ కొన్నాళ్లు బాగానే నడిచేది, అందుకే నమ్మాడు. అసలు జరిగింది వేరు: డ్రైవ్‌తో మాట్లాడేటప్పుడు తప్పులు వస్తుంటే విండోస్ ఎక్స్‌పీ లెక్క పెట్టుకుంటుంది, 6 దాటాక వేగాన్ని ఒక మెట్టు దించుతుంది, అలా దించుతూ చివరికి పీఐఓకి పడేస్తుంది, తిరిగి తనంతట తను పైకి రాదు. ఫార్మాట్‌తో ఆ లెక్క చెరిగిపోతుంది, తప్పులకు మూలమైన కేబుల్ మాత్రం లోపలే ఉంటుంది! అతనిది మడత దగ్గర నలిగిన 40 తీగల పాత ఐడీఈ కేబుల్ (డ్రైవ్‌ని మదర్‌బోర్డ్‌కి కలిపే పాత రకం పట్టీ). 80 తీగలది వేశాను, మళ్లీ ఆ సమస్యతో రాలేదు.

మీరే చూసుకోవచ్చు. డివైస్ మేనేజర్‌లో ఐడీఈ కంట్రోలర్ల కింద డ్రైవ్ ఉన్న ఛానెల్ (ఎక్కువగా సెకండరీ) ప్రాపర్టీస్ తెరిచి, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో కరెంట్ ట్రాన్స్‌ఫర్ మోడ్ చదవండి. పైన 'డీఎంఏ ఇఫ్ అవైలబుల్' అని ఉండి కింద పీఐఓ అని కనిపిస్తే, ముందు కేబుల్ మార్చి, ఆ తర్వాత ఛానెల్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేయండి, విండోస్ దాన్ని కొత్తగా గుర్తుపడుతుంది. విండోస్ 7లో అయితే ఏటీఏ ఛానెల్ దగ్గర 'ఎనేబుల్ డీఎంఏ' టిక్ చూడండి. వీలైతే హార్డ్ డిస్క్‌నీ రైటర్‌నీ ఒకే ఐడీఈ కేబుల్ మీద పెట్టకండి, అవి వంతులవారీగా మాట్లాడుకోవాల్సి వస్తుంది.

అపోహ: ప్రాసెసర్ 100 చూపించిందంటే ఎప్పుడైనా తప్పే.

ఇదీ నిజం కాదు. ఎంపీ4 వీడియో ఇచ్చి టీవీ కింద ప్లేయర్‌లో ఆడే డీవీడీ చేయమంటే, సాఫ్ట్‌వేర్ ముందు దాన్ని డీవీడీ ప్లేయర్‌కి అర్థమయ్యే ఎంపెగ్-2లోకి మార్చాలి. ఆ మార్చే పని ప్రాసెసర్‌దే, అప్పుడు అది నిండా పనిచేయడమే న్యాయం. తెలుసుకోవడం సులువు: ముందు ఐఎస్ఓ ఫైల్‌గా (డిస్క్‌లోకి వెళ్లేదంతా ఒకే ఫైల్‌గా) హార్డ్ డిస్క్‌లో తయారుచేసుకుని, దాన్ని విడిగా రైట్ చేయండి. ఐఎస్ఓ రైట్ చేసేటప్పుడు కూడా బిగుసుకుపోతేనే డ్రైవ్, కేబుల్, మోడ్ అనుమానించాలి. వేల ఫోటోలు నేరుగా డిస్క్‌కి పంపేటప్పుడు యాంటీవైరస్ ఒక్కోదాన్నీ తెరిచి చూస్తుంది, అక్కడా ఇదే ఉపాయం పనిచేస్తుంది.

స్పీడ్ 4ఎక్స్‌కి తగ్గిస్తే సరిపోతుందనేవాళ్లు ఉన్నారు. ఆ రోజుకి డిస్క్ వస్తుంది, కేబుల్ అలాగే ఉంటుంది.

డబ్బా బస్సెక్కించే ముందు ఆ ట్రాన్స్‌ఫర్ మోడ్ కనిపించే స్క్రీన్‌ని ఫోన్‌లో ఫోటో తీసి పంపండి. సగం మందికి ప్రయాణమే అక్కర్లేదు, కేబుల్ మీ ఊళ్లోనే దొరుకుతుంది.