అడుగున ఉన్నది చేతికందాలంటే

పిల్లలూ,

మొన్న సొరుగుల బీరువాలో కింది సొరుగు ఎంత లాగినా రాకపోతే మీరిద్దరూ కాలు అడ్డంపెట్టి మరీ లాగారు కదా, అప్పుడే అనుకున్నాను దీని గురించి మీకు తీరిగ్గా రాయాలని. కోప్పడటానికి కాదు. మీకది బట్టలు కుక్కుకునే డబ్బా, నాకేమో ఇంట్లో ఉన్న సామాను మొత్తంలో బాగా బుర్రపెట్టి చేసింది అదే అనిపిస్తుంది.

మొదట్లో ఉన్నది ఉత్త పెట్టె, పైన ఒక మూత, అంతే. 1922లో ఈజిప్టులో హోవార్డ్ కార్టర్ అనే పురావస్తు పరిశోధకుడు టుటన్‌ఖామున్ అనే పాతకాలపు రాజు సమాధి తెరిస్తే లోపల రాజుగారి బట్టలు, చెప్పులు, నగలు పెట్టెల్లోనే సర్ది ఉన్నాయి, దాదాపు 3300 ఏళ్ల నాటివి. అక్కడే ఒక ఆటపెట్టె కూడా దొరికింది, దాని పైన గళ్లు, లోపలికి పావులు దాచుకునే బుల్లి సొరుగు! అంటే సొరుగు అనే ఆలోచన మనిషికి అప్పటికే వచ్చేసింది, కానీ యూరప్‌లో బట్టల పెట్టెకి అది రావడానికి ఇంకో మూడు వేల ఏళ్లు పట్టింది, తల్చుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

పెట్టె చెడ్డదేం కాదు. మూత వేస్తే కూర్చోవచ్చు, బల్లగా వాడుకోవచ్చు, ఇద్దరు పట్టుకుంటే ఎక్కడికైనా మోసుకుపోవచ్చు, ప్రయాణాల పెట్టెలకైతే వాన నీళ్లు జారిపోయేలా మూత గుండ్రంగా చేసేవాళ్లు. కష్టమల్లా ఒక్కటే, మనక్కావలసింది ఎప్పుడూ అడుగునే ఉంటుంది. మూత మీద సామానంతా దించి, మూత ఎత్తి ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో మడతలన్నీ తీసి నేలమీద పరిచి, ఆఖరికి ఆ ఒక్క దుప్పటి దొరికాక మళ్లీ అన్నీ లోపల పెట్టాలి, ఇది రోజూ పని.

1600ల ప్రాంతంలో యూరప్ వడ్రంగులు పెట్టె అడుగుభాగంలో ఒక సొరుగు పెట్టారు, పైన మూత మామూలే. సగం గుర్రం సగం గాడిద అయిన కంచరగాడిద ఉంటుంది చూశారా, దాని పేరుతోనే ఇంగ్లీషులో ఈ పెట్టెని మ్యూల్ చెస్ట్ అంటారు. తర్వాత సొరుగులు రెండయ్యాయి, మూడయ్యాయి, చివరికి మూతతో పనే లేకుండా పోయింది. 1661 జులైలో లండన్‌లో శామ్యూల్ పీప్స్ అనే నౌకాదళం ఆఫీసు ఉద్యోగి తన గదికి మంచి సొరుగుల బీరువా కొన్నానని డైరీలో రాసుకున్నాడు, కొత్త వస్తువంటే ఎవరికైనా ముచ్చటే కదా. ఫ్రాన్స్‌లో అయితే దానికి కమోడ్ అని పేరు పెట్టారు, ఆ మాటకి అర్థం వీలుగా ఉండేది అని, 1708-09లో ఆంద్రే షార్ల్ బూల్ అనే పనివాడు పద్నాలుగో లూయీ రాజు పడకగదికి రెండు చేశాడు. తర్వాత్తర్వాత రాత్రిపూట వాడుకునే కుండని దాచే చిన్న బీరువాకీ ఆ పేరే వచ్చింది, అట్నుంచి అటు మన బాత్రూముల్లోకి వచ్చేసింది.

నాకు వీటన్నిటికంటే ఇష్టమైనవి జపాన్ వాళ్ల టాన్సులు, అంటే అక్కడి సంప్రదాయ చెక్క బీరువాలు, పెట్టెలు. ఇల్లు ఇరుకు, మెట్ల కింద చోటు వృథా, అందుకని మెట్లనే సొరుగులుగా చేసేశారు, ఎక్కడానికి ఎక్కొచ్చు, దాచుకోడానికి దాచుకోవచ్చు. వాళ్ల దగ్గర చక్రాల పెట్టెలు కూడా ఉండేవి, నిప్పంటుకుంటే సామానంతా ఒకేసారి తోసుకుపోవచ్చని. కానీ 1657లో ఎడో నగరం, అదే ఇప్పటి టోక్యో, తగలబడినప్పుడు అందరూ వాటిని వీధిలోకి తోసుకొచ్చేసరికి దారులు మూసుకుపోయి జనం తప్పించుకోలేకపోయారు, దాంతో 1683లో చక్రాల పెట్టెల్ని నిషేధించారు.

ఇక మన సొరుగు సంగతి. దాన్ని పూర్తిగా బయటికి తీసి ముందుపలకా పక్కపలకా కలిసే మూల చూడండి. పక్కపలక చివర పావురం తోకలా విచ్చుకున్న ముక్కలు ముందుపలకలో కూర్చుని ఉంటాయి, డవ్‌టెయిల్ జాయింట్ అంటారు. తోక చివర వెడల్పు కాబట్టి మీరు పిడి పట్టుకుని ఎంత లాగినా ముందుపలక ఊడి చేతికి రాదు. తోకల మధ్య ఎడం ఒకచోట ఎక్కువా ఒకచోట తక్కువా ఉండి, వాటి మొదట్లో గీసిన సన్నటి గీత కనబడిందంటే అది చేత్తో కోసినదే.

మరి వానాకాలంలో ఎందుకు బిగుసుకుంటుంది? చెక్క గాల్లో తేమ తాగి ఉబ్బుతుంది, కానీ పొడుగు పెరగదు, అడ్డంగా పెరుగుతుంది, అందుకని పక్కపలకల ఎత్తు కాస్త పెరిగి పైనా కిందా పట్టేస్తుంది. అప్పుడు చిత్రిక పట్టకూడదు, ఎండలొచ్చాక లొడలొడలాడుతుంది. నూనె కూడా పొయ్యొద్దు, జిగురు పడుతుంది. కొవ్వొత్తి తీసుకుని పలకల కింది అంచుల మీద నాలుగైదుసార్లు గట్టిగా రుద్దండి, చాలు.

ఏది ఎక్కడ పెట్టాలంటే, బరువైనవన్నీ కిందకి, రోజూ వాడేవి నడుం ఎత్తులో, మందులూ కత్తెరలూ చిన్నవాళ్లకి అందకుండా పైకి, వీలైతే తాళం వేసి. ఉన్ని బట్టలు ఉతికి బాగా ఆరాకే పెట్టాలి, పురుగు ఎక్కువగా వచ్చేది చెమటా మురికీ ఉన్న బట్టకే. నాఫ్తలీన్ ఉండలు మాత్రం నాకు ఇష్టం లేదు, పసిపిల్లలు మింగితే ప్రమాదం, కొంతమంది పిల్లలకి రక్తకణాలు కూడా దెబ్బతింటాయి.

ఇంకోటి, ఇది మాత్రం మీరు కచ్చితంగా వినాలి. సొరుగులన్నీ ఒకేసారి బయటికి లాగి మెట్లలా ఎక్కొద్దు. లోపలి బరువంతా ముందుకొచ్చేస్తుంది, దానికి తోడు మీ బరువు, ఒక్క క్షణంలో బీరువా మీద పడుతుంది. ఇలా పిల్లలు చనిపోయారు కాబట్టే అమెరికాలో 2022లో దీనికోసం ప్రత్యేకంగా చట్టం చేశారు, 27 కిలోల దాకా బరువున్న పిల్లల్ని లెక్కలోకి తీసుకుని బీరువా తూలకుండా నిలబడుతుందో లేదో పరీక్షించాలని. చట్టం ఉన్నా లేకపోయినా బీరువాని గోడకి బ్రాకెట్ వేసి బిగించాల్సిందే, మీ గదిలోది ఇంకా బిగించలేదని మీ నాన్న చెప్పాడు.

ఆదివారం వస్తున్నాను. డ్రిల్లూ స్క్రూలూ కొవ్వొత్తీ నేనే తెస్తాను, మీరు ఆ కింది సొరుగు ఖాళీ చేసి ఉంచండి, తిరగేసి తోకలు లెక్కపెడదాం.

మీ తాతయ్య