తోక తెగిన బిట్లు: పోటీ పరీక్షల జీవశాస్త్రంలో అపోహలు - వాస్తవాలు

కడపలో పోటీ పరీక్షల పిల్లలకు జీవశాస్త్రం చెబుతున్నాను. బద్వేలు, ప్రొద్దుటూరు, పులివెందుల, రాయచోటి వైపు నుంచి వస్తారు. గ్రూప్-2కు కొందరు, ఎస్సై, కానిస్టేబుల్, రైల్వేలకు కొందరు. చాలామందికి సైన్సు పదో తరగతితోనే ఆగిపోయింది. చేతిలో మాత్రం లావుపాటి బిట్ల నోటుపుస్తకం ఉంటుంది. అందులో ఉన్నవన్నీ తప్పులని అనను. ప్రతి వాక్యం వెనక "మనిషిలో", "ఎర్ర రక్తకణాలు ఎక్కించేటప్పుడు", "పుపుస ధమని తప్ప" లాంటి షరతు ఒకటుంటుంది. చేతులు మారి మారి ఆ షరతు రాలిపోతుంది. వీటిని నేను తోక తెగిన బిట్లు అంటాను. పేపరు తయారుచేసేవాళ్లు సరిగ్గా ఆ తోక దగ్గరే ప్రశ్న పెడతారు. ఏపీపీఎస్సీలో తప్పు జవాబుకు మూడో వంతు మార్కు పోతుంది కాబట్టి, సగం నిజం పూర్తి అజ్ఞానం కన్నా ఎక్కువ నష్టం చేస్తుంది.

అపోహ: వేరుశనగ వేరుకు కాస్తుంది.

పేరులోనే వేరు ఉంది, అందుకే ఈ తప్పు చేసేవాళ్లను నేను ఏమీ అనను. ఒకసారి పులివెందుల వైపు అబ్బాయి లేచి, "మేడం, చెట్టు పీకితే వేర్లతో పాటే కాయలొస్తాయి. చిన్నప్పటి నుంచీ పీకుతాండాం. మల్ల వేరుకు కాయదంటే ఎట్ల?" అన్నాడు.

"పూత ఎక్కడొస్తుంది నాయనా?"

"ఆకుల సందున, పసుప్పచ్చగా."

"పూత పైనుంటే కాయ కింద వేరుకెట్లా వస్తుంది?"

కాసేపు ఆలోచించి అతనే చెప్పాడు: "ఊడలు దిగుతాయి మేడం."

జవాబు అదే. రైతు ఇంట్లో పుట్టినవాడికి అది ముందే తెలుసు, పుస్తకంలో మాటకు చేలో చూసినదాన్ని జతచేసుకోలేదంతే. ఫలదీకరణ అయ్యాక అండాశయం కింది భాగం కాడలా సాగి నేలవైపు పెరుగుతుంది. మన రైతులు ఊడ అనేది దీన్నే. అది మట్టిలో దూరాక, చీకట్లో, కొన ఊరి కాయ అవుతుంది. మట్టికి అందని ఊడ ఎండిపోతుంది. ఊడలు దిగే వేళకు నేల గుల్లగా ఉండాలనేది అందుకే. ఎకరాకు 200 కిలోల జిప్సం ఆ సమయంలోనే వేయమనడానికీ కారణముంది: పెరుగుతున్న కాయ తనకు కావలసిన కాల్షియాన్ని చుట్టూ ఉన్న మట్టి నుంచి నేరుగా పీల్చుకుంటుంది. వేరుకు ఉండేవి కాయలు కాదు, రైజోబియం బ్యాక్టీరియా కాపురముండే బుడిపెలు. పచ్చి బుడిపెను గోటితో చిదిమి చూడండి, లోపల గులాబి రంగు కనిపిస్తుంది. ఆ రంగు లెగ్‌హీమోగ్లోబిన్ అనే పదార్థానిది.

ఇదే దారిలో మన గడ్డల సంగతి కూడా. ఎర్రగడ్డ (ఉల్లి), ఉర్లగడ్డ (బంగాళాదుంప), గెనుసుగడ్డ (చిలగడదుంప). మన సీమ మాటలో మూడూ గడ్డలే, శాస్త్రంలో మూడూ మూడు వేరువేరు భాగాలు. ఎర్రగడ్డలో తినేది ఆకుల మొదళ్లు. ఉర్లగడ్డ కాండం, దాని మీది కన్నులు మొగ్గలు. గెనుసుగడ్డ మాత్రమే వేరు. పసుపు, అల్లం కాండాలు. "మట్టిలో ఉంటే వేరు" అన్న సూత్రాన్ని నోటుపుస్తకంలోంచి కొట్టేయండి.

అపోహ: ధమనుల్లో మంచి రక్తం, సిరల్లో చెడు రక్తం.

చెడు రక్తమంటూ ఏదీ లేదు. ఆక్సిజన్ ఎక్కువున్న రక్తం, తక్కువున్న రక్తం, అంతే. ధమని అంటే గుండె నుంచి బయటికి పోయేది, సిర అంటే గుండెకు వచ్చేది. దిక్కును బట్టి పేరు, సరుకును బట్టి కాదు. అందుకే పుపుస ధమనిలో ఆక్సిజన్ తక్కువున్న రక్తం ఊపిరితిత్తులకు పోతుంది, పుపుస సిరల్లో ఆక్సిజన్ నిండిన రక్తం ఎడమ కర్ణికకు, అంటే గుండెలో ఎడమవైపు పై గదికి వస్తుంది. సిరల్లో రక్తం నీలంగా ఉండదు, ముదురెరుపు. చర్మం మీద పడిన వెలుతురు చెదిరి తిరిగి వచ్చే తీరు వల్ల అవి నీలంగా కనిపిస్తాయి. బొమ్మల్లో నీలిరంగు వేసేది గుర్తు కోసమే.

అపోహ: ఓ గ్రూపు వాళ్లు ఎవరికైనా రక్తం ఇవ్వచ్చు.

ఈ బిట్టుకు రెండు తోకలు తెగాయి. మొదటిది ఆర్‌హెచ్, అంటే రక్తం పాజిటివా నెగటివా అని చెప్పేది. విశ్వదాత ఓ నెగటివ్, విశ్వగ్రహీత ఏబీ పాజిటివ్. రెండోది, ఈ మాట ఎర్ర రక్తకణాల వరకే. ప్లాస్మా దగ్గరికి వస్తే లెక్క తిరగబడుతుంది. ఓ గ్రూపు ప్లాస్మాలో ఏ, బీ రెండింటికీ ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) ఉంటాయి. ఏబీ ప్లాస్మాలో రెండూ ఉండవు కాబట్టి ప్లాస్మాకు దాత ఏబీ. గ్రూపులను కనిపెట్టిన కార్ల్ లాండ్‌స్టీనర్‌కు 1930లో నోబెల్ వచ్చిందని అందరూ చదువుతారు, ఈ తిరగబడే లెక్కను ఎవరూ చదవరు.

ఇంకా ఒకటుంది. 1952లో డాక్టర్ భెండే బృందం బొంబాయిలో గుర్తించిన బాంబే గ్రూపు. ఏ, బీ ప్రతిజనకాలు (యాంటీజెన్లు) తయారు కావాలంటే ముందు హెచ్ అనే పదార్థం ఉండాలి. వీళ్లకు అదే ఉండదు. మామూలు పరీక్షలో ఓ అని తేలుతుంది, కానీ ఓ రక్తం ఎక్కిస్తే అందులోని హెచ్ మీద వీళ్ల ప్రతిరక్షకాలు దాడి చేస్తాయి. బాంబే గ్రూపు వాళ్లకు బాంబే గ్రూపు రక్తమే ఎక్కించాలి. మన దేశంలో బయటపడిన గ్రూపు కాబట్టి పరీక్షల్లో దీనికి విలువ ఎక్కువ.

అపోహ: చెట్లు పగలు ఆక్సిజన్, రాత్రి కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. రావిచెట్టు మాత్రం రాత్రి కూడా ఆక్సిజన్ ఇస్తుంది.

చెట్టు మనలాగే ఇరవై నాలుగు గంటలూ శ్వాసిస్తుంది. పగలు కిరణజన్య సంయోగక్రియ జోరు ఎక్కువ కావడంతో శ్వాస లెక్కలోకి రాదు. వెలుతురు లేనిదే ఆక్సిజన్ రాదు, రావి అయినా వేప అయినా. కలబంద, నాగజెముడు లాంటివి రాత్రి పత్రరంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని మాలిక్ ఆమ్లంగా దాచుకుంటాయి. మన ఎండలకు పగలు తెరిస్తే నీళ్లన్నీ ఆవిరైపోతాయి మరి. అవి రాత్రి పీల్చుకునేది కార్బన్ డయాక్సైడ్, వదిలేది ఆక్సిజన్ కాదు. ఇక పగలు చెట్టు వదిలే ఆక్సిజన్ నీటి నుంచి వస్తుంది, కార్బన్ డయాక్సైడ్ నుంచి కాదు. 1941లో రూబెన్, కామెన్ అనే శాస్త్రవేత్తలు ఆక్సిజన్-18 ఐసోటోపుతో (బరువెక్కువున్న ఆక్సిజన్ రకంతో) చేసిన ప్రయోగం అడుగుతారు, గుర్తుంచుకోండి.

అపోహ: ఆడపిల్ల పుట్టడం తల్లి వల్ల.

ఈ పాఠం చెప్పే రోజు నాకు సిలబస్ గుర్తుండదు. నా క్లాసులో పెళ్లయి, చంకన బిడ్డతో చదువుకునే అమ్మాయిలు ఉంటారు. ఇద్దరు ఆడపిల్లల తల్లి ఒకామె పాఠం అయ్యాక బోర్డు ఫొటో తీసుకుని, "మా అత్తకు చూపిస్తా మేడం" అంది. ఆ బోర్డు మీద ఉన్నది ఇంతే: తల్లి అండాలన్నిటిలో ఎక్స్ క్రోమోజోమ్ ఒక్కటే. తండ్రి శుక్రకణాల్లో సగం ఎక్స్, సగం వై. ఎక్స్ కలిస్తే ఆడ, వై కలిస్తే మగ. వై ఇచ్చేది తండ్రే, అయినా అది ఎవరి తప్పూ కాదు, ఎవరి చేతిలోనూ లేదు. ప్రతి కాన్పుకూ లెక్క మళ్లీ మొదటి నుంచే, ముందు పుట్టినవాళ్లతో సంబంధం లేదు. 1905లో నెట్టీ స్టీవెన్స్ అనే శాస్త్రవేత్త పిండిపురుగుల మీద పరిశోధించి, లింగ నిర్ణయానికి క్రోమోజోమే కారణమని చూపింది. గర్భస్థ లింగనిర్ధారణను నిషేధించిన చట్టం 1994 నాటిది. 1994 అన్న ఈ ఏడాది పాలిటీ పేపర్లోనూ ఉపయోగపడుతుంది.

తోక ఇక్కడా ఉంది: "మనిషిలో". కోళ్లలో తిరకాసు. పుంజుకు రెండు జెడ్‌లు, పెట్టకు ఒక జెడ్, ఒక డబ్ల్యూ. అంటే అక్కడ నిర్ణయించేది పెట్ట. మొసళ్లలో గుడ్లు పొదిగిన వేడిని బట్టి ఉంటుంది. తేనెటీగల్లో ఫలదీకరణ కాని గుడ్డు మగది అవుతుంది.

అపోహ: మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ కనుక్కున్నాడు.

క్రిమిని 1880లో చూసినవాడు ఫ్రెంచ్ వైద్యుడు లావెరన్. రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో చూసింది దోమ పొట్ట గోడలో ఆ క్రిమిని. కుట్టేది ఆడ ఎనాఫిలస్. మగ దోమకు పూల తేనె చాలు. రాస్ నోబెల్ 1902, లావెరన్‌ది 1907. ఏళ్ల వరుస తిరగబడటంతోనే చాలామంది పొరబడతారు.

కొన్ని మాత్రం ఒక్క మాటతో సరిపోతాయి. అతిపెద్ద అవయవం చర్మం, అతిపెద్ద గ్రంథి కాలేయం. 206 ఎముకలు పెద్దవాళ్లకు, పుట్టిన బిడ్డకు ఇంకా ఎక్కువ. ఎండలో విటమిన్ డి ఉండదు, ఎండ తగిలితే చర్మం తయారుచేసుకుంటుంది. జలుబు వైరస్ వల్ల వస్తుంది, యాంటీబయాటిక్ దాన్ని ఏమీ చేయలేదు.

అపోహ: ఎర్రచందనం చందనంలో ఒక రకం.

మన శేషాచలం, పాలకొండలు, లంకమల అడవులు తెలిసినవాళ్లు కూడా ఈ మాట అంటే నాకు బాధగా ఉంటుంది. గంధపు చెట్టు శాంటలేసీ కుటుంబం, పక్క చెట్ల వేళ్ల నుంచి ఆహారం లాక్కునే పాక్షిక పరాన్నజీవి, నూనెకు వాసన. ఎర్రచందనం ఫాబేసీ కుటుంబం, అంటే మన చెనిక్కాయకు (వేరుశనగకు) చుట్టం. చేవకు రంగే తప్ప గంధపు వాసన లేదు. తూర్పు కనుమల్లో ఈ దక్షిణ భాగం దాని సొంత నేల.

ఆ లంకమలలోనే కలివికోడి. 1900 తర్వాత కనబడక అంతరించిందనుకున్న పక్షి 1986లో మన కడప జిల్లాలో మళ్లీ కనిపించింది. అంతరించినదని రాస్తే తప్పు, అత్యంత ప్రమాదంలో ఉన్నదని రాయాలి. రాష్ట్ర పక్షి అని రాసినా తప్పే. 2018లో ఆంధ్రప్రదేశ్ రామచిలుకను రాష్ట్ర పక్షిగా ప్రకటించింది. జంతువు కృష్ణజింక, చెట్టు వేప, పువ్వు మల్లె. పాలపిట్ట ఇప్పుడు తెలంగాణది. పాత పుస్తకం కొన్నవాళ్లు ఆ పేజీ తీసి, ఈరోజే కొట్టేసి రాసుకోండి.