ఫిర్యాదుకూ పోలీసుకూ మధ్య కౌన్సెలర్

వరకట్న వేధింపుల కేసుల్లో ఎఫ్‌ఐఆర్ తర్వాత రెండు నెలలు అరెస్టుల జోలికి వెళ్లకుండా, వ్యవహారాన్ని కుటుంబ సంక్షేమ కమిటీకి పంపాలన్న అలహాబాద్ హైకోర్టు మార్గదర్శకాలను సుప్రీంకోర్టు 2025 జులై 22న సమర్థించింది. దాంతో హైదరాబాద్‌లో కుటుంబాలకూ యువతకూ కౌన్సెలింగ్ చేసే స్వచ్ఛంద సంస్థలు ఎవరి పక్షాన కూర్చోవాలన్న పాత ప్రశ్న మళ్లీ లేచింది.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ తొలి అధ్యక్షురాలిగా 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి, దాని గ్రాంటుతో నడిచిన కౌన్సెలింగ్ కేంద్రాలు తెలిసిన కథే. ఆ కేంద్రాల్లోని కౌన్సెలర్‌కు ఉత్తరం రాయడం, ఇంటికి వెళ్లి అడగడం తప్ప ఎవరినీ రప్పించే అధికారం ఉండేది కాదు. సికింద్రాబాద్‌లో ఆత్మహత్య ఆలోచనలతో ఫోన్ చేసేవారి గోడు 1997 నుంచి వింటున్న రోష్నికీ గోప్యతే మూలధనం.

కౌన్సెలింగ్‌కూ పోలీసు చర్యకూ మధ్య ఉన్న ఈ గీత చెరిగింది 2017 జులై 27న. వరకట్న వేధింపులకు సంబంధించిన రాజేష్ శర్మ కేసులో సుప్రీంకోర్టు జస్టిస్ ఎ.కె.గోయల్, జస్టిస్ యు.యు.లలిత్‌ల ధర్మాసనం జిల్లాకో కుటుంబ సంక్షేమ కమిటీ వేయాలని, నెలలోగా దాని నివేదిక వచ్చేవరకు సాధారణంగా అరెస్టు వద్దని చెప్పింది. సభ్యులుగా సామాజిక కార్యకర్తలు, విశ్రాంత ఉద్యోగులతోపాటు అధికారుల భార్యలూ ఉండవచ్చట. అది ఏ అర్హతో తీర్పు వివరించలేదు. చట్టంలో ఇలాంటి కమిటీలకు చోటు లేదంటూ సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనమే 2018 సెప్టెంబరు 14న వాటిని కొట్టివేసింది. అయినా 2022లో అలహాబాద్ మార్గదర్శకాలు, చదువుకున్న అధికారుల భార్యలతో సహా, వాటిని తిరిగి తెచ్చాయి.

వృద్ధ తల్లిదండ్రులను, దూరపు బంధువులను కూడా కేసుల్లోకి లాగుతున్నారన్నది కమిటీలను కోరేవారి వాదన. అయితే ఫిర్యాదు అందగానే యాంత్రికంగా అరెస్టు చేయరాదని సుప్రీంకోర్టు అర్నేష్ కుమార్ తీర్పు 2014లోనే కట్టడి చేసిందని, ఇప్పుడు వాయిదా పడేది బాధితురాలి రక్షణేనని మహిళా సంఘాలు అంటున్నాయి.

నగరంలో ఈ మాటకు బలం ఎక్కువ. ఇక్కడ కౌన్సెలింగ్ అన్న పదమే చేతులు మారింది. మహిళల భద్రత కోసం 2014లో మొదలైన పోలీసు బృందాలు షీ టీమ్స్ పోకిరీ కుర్రాళ్లను తల్లిదండ్రుల ఎదుట కూర్చోబెట్టి చేసేదీ, మద్యం తాగి బండి నడిపినవారికి ట్రాఫిక్ పోలీసులు ఇచ్చేదీ కౌన్సెలింగే. ‘ఇద్దరికీ కౌన్సెలింగ్ ఇచ్చి పంపించారు’ అని పత్రికలో చదివితే, స్టేషన్‌లో మందలింపు జరిగిందని పాఠకుడికి అర్థమవుతుంది. కొత్త కమిటీ పోలీసు కాదు, నిజమే. కానీ అక్కడ భార్య చెప్పుకున్నదంతా రెండు నెలల తర్వాత నివేదికగా మేజిస్ట్రేటుకూ పోలీసులకూ చేరుతుంది.