ఇస్లాంలో సోదరత్వం: అపోహలు - వాస్తవాలు

నేను డిగ్రీ విద్యార్థులకు ఇస్లాం చరిత్ర చెబుతాను. సోదరత్వం పాఠానికి వచ్చేసరికి క్లాసు రెండుగా చీలిపోతుంది. ముస్లింలంతా ఒక్కటేనని కొందరు గర్వంగా చెబుతారు. వాళ్లంతా ఒక్కటైతే మిగతావాళ్ల సంగతేమిటని కొందరికి టెన్షన్. ఇద్దరూ సోదరత్వాన్ని ఒక గుంపుగానే ఊహించుకుంటున్నారు. మూలగ్రంథాల్లో అది మనిషికీ మనిషికీ మధ్య ఉండే బాధ్యతగా కనిపిస్తుంది. ఈ తేడా పట్టుబడితే తర్వాతి చరిత్ర చాలావరకు అర్థమవుతుంది.

అపోహ: సోదరత్వం అంటే మంచి మాట, ఆత్మీయమైన పలకరింపు, అంతే.

వాస్తవం: మొదట్లో అది బతుకుదెరువుకు సంబంధించిన ఏర్పాటు. 622లో ముహమ్మద్ ప్రవక్త మక్కా నుంచి మదీనాకు వలస వచ్చారు. ఆయనతోపాటు వచ్చిన ముహాజిర్లలో చాలామంది ఇళ్లూ ఆస్తులూ మక్కాలోనే వదిలేసుకున్నారు. మదీనాలో వారిని ఆదుకున్నవారు అన్సార్లు. వీళ్లలోనే ఔస్, ఖజ్రజ్ అనే రెండు తెగలు అంతకు కొన్నేళ్ల ముందే బుఆస్ యుద్ధంలో ఒకరినొకరు చంపుకున్నాయి. అలాంటి ఊళ్లో ప్రవక్త ఒక్కో ముహాజిర్‌ను ఒక్కో అన్సారీకి సోదరుడిగా జత చేశారు. దీన్ని ముఆఖాత్ అంటారు.

అన్సార్లు తమ ఖర్జూర తోటలను సగం సగం పంచేస్తామన్నారు. ప్రవక్త వద్దన్నారు. చివరికి వలస వచ్చినవాళ్లు తోటల్లో పని చేయాలని, పంటను ఇద్దరూ పంచుకోవాలని ఒప్పందం కుదిరింది. సఅద్ బిన్ రబీ తన ఆస్తిలో సగం ఇస్తానంటే, ఆయనకు జతపడిన అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ ఆశీర్వదించి, బజారుకు దారి చూపిస్తే చాలన్నారు. నెయ్యి, ఎండబెట్టిన జున్ను అమ్ముకుంటూ తన కాళ్ల మీద తాను నిలబడ్డారు. ఇచ్చేవాడి ఉదారత గురించి అందరూ చెబుతారు. తీసుకోవాల్సినవాడి ఆత్మగౌరవానికి కూడా ఇక్కడ అంతే విలువ ఉందని నేను పిల్లలకు గట్టిగా చెబుతాను.

మొదట్లో ఈ జతల మధ్య వారసత్వ హక్కు కూడా ఉండేది. తర్వాత ఖురాన్ (33:6) ఆ హక్కును రక్తసంబంధీకులకే తిరిగి ఇచ్చింది. అత్యవసరంలో చేసిన ఏర్పాటు అవసరం తీరాక కుటుంబాల హక్కును మింగేయకుండా ఆగిందన్నమాట. పాఠ్యపుస్తకాలు ఈ సంగతిని సాధారణంగా దాటేస్తాయి, నాకు మాత్రం ఇది చాలా ముఖ్యమైనదిగా అనిపిస్తుంది.

మరో జత సల్మాన్ ఫార్సీ, అబూ దర్దా. అబూ దర్దా పగలంతా ఉపవాసం, రాత్రంతా ప్రార్థన అంటూ భార్యను పట్టించుకోవడం మానేశారు. సల్మాన్ ఆ ఇంటికి వెళ్లి సంగతి గమనించి, భోజనం పెట్టించి, రాత్రి నిద్రపోమని చెప్పి, ‘నీ ప్రభువుకు నీ మీద హక్కుంది, నీ శరీరానికి ఉంది, నీ భార్యకూ ఉంది’ అన్నారు. విషయం ప్రవక్త దాకా వెళితే, సల్మాన్ చెప్పింది నిజమన్నారు.

అపోహ: మనవాడు ఏం చేసినా వెనకేసుకురావడమే సోదరత్వం.

వాస్తవం: ‘నీ సోదరుడు దౌర్జన్యపరుడైనా, పీడితుడైనా అతనికి సాయం చెయ్యి’ అనే హదీసును (ప్రవక్త చెప్పిన మాటను) సగంలో ఆపేయడం వల్ల వచ్చిన అపోహ ఇది. పీడితుడికి సాయం సరే, దౌర్జన్యపరుడికి ఎలా అని సహచరులే అడిగారు. అతన్ని దౌర్జన్యం చేయకుండా ఆపడమే అతనికి చేసే సాయమని ప్రవక్త జవాబిచ్చారు. ‘విశ్వాసులు పరస్పరం సోదరులు’ అన్న ఖురాన్ వాక్యానికీ (49:10) ఇదే గతి పట్టింది. దాని వెంటనే ‘కాబట్టి మీ సోదరుల మధ్య సంబంధాలు చక్కదిద్దండి’ అని ఉంది. దానికి ముందు వాక్యం రెండు విశ్వాసుల వర్గాలు కొట్టుకుంటే ఏం చేయాలో చెబుతుంది. తగాదాలు వస్తాయని తెలిసే ఆ మాట చెప్పారు.

అపోహ: ముస్లిమేతరులకు ఇందులో చోటు లేదు.

వాస్తవం: మత సోదరత్వం ఒకటుంది, మానవ సోదరత్వం ఇంకొకటుంది. ఖురాన్‌లోని అదే సూరాలో (అధ్యాయంలో) 13వ వాక్యం ‘మానవులారా’ అని మొదలై, అందరూ ఒక స్త్రీ పురుషుల సంతానమేనని, జాతులూ తెగలూ ఒకరినొకరు తెలుసుకోవడానికేనని చెబుతుంది. మీతో మతం పేరుతో యుద్ధం చేయనివారి పట్ల, మిమ్మల్ని ఇళ్ల నుంచి వెళ్లగొట్టనివారి పట్ల మంచిగా, న్యాయంగా ఉండటాన్ని దేవుడు నిషేధించలేదని 60:8 అంటుంది. మదీనాలోని తెగలతో ప్రవక్త కుదుర్చుకున్న మదీనా ఒడంబడిక బనూ ఔఫ్ తెగతో ఉన్న యూదులను విశ్వాసులతో కలిపి ఒకే సమాజంగా లెక్కించి, ఎవరి ధర్మం వారిదేనని రాసుకుంది.

ఆ ఒడంబడిక ఎక్కువ కాలం నిలవలేదు. మదీనాలోని యూదు తెగలతో సంబంధాలు తెగి బహిష్కరణల దాకా, యుద్ధం దాకా వెళ్లాయి. తర్వాతి సామ్రాజ్యాల్లో ముస్లిమేతరులు జిజియా అనే తలపన్ను కట్టి రక్షణ పొందేవారు. నేటి అర్థంలో సమాన పౌరసత్వం అది కాదు. ఇవి దాచిపెట్టి పాఠం చెప్పడం నాకిష్టం లేదు.

అపోహ: ఇస్లాం రాకతోనే జాతి, రంగు, హోదాల తేడాలు మాసిపోయాయి.

వాస్తవం: ఆదర్శం స్పష్టంగా ఉంది, ఆచరణ దానికి చాలా దూరంగా నడిచింది. ప్రవక్త సహచరుడు అబూ జర్ ఒక మనిషిని అతని తల్లి పేరెత్తి ఎగతాళి చేస్తే, ‘నీలో ఇంకా అజ్ఞానకాలపు (ఇస్లాంకు ముందు కాలపు) గుణం ఉంది’ అని ప్రవక్త మందలించారు. మీ దగ్గర పనిచేసేవాళ్లు మీ సోదరులు, మీరు తినేదే పెట్టండి, మీరు కట్టుకునేదే కట్టబెట్టండి అన్నారు. అయినా తర్వాత పాలించిన ఉమయ్యద్ వంశం కాలంలో అరబ్బేతర ముస్లింలు రెండో తరగతివాళ్లలా బతికారు. మతం మారినా కొన్నిచోట్ల వాళ్ల నుంచి జిజియా వసూలు చేశారు. ఖలీఫా రెండో ఉమర్ (717-720) దాన్ని ఆపడానికి ప్రయత్నించారు. 750లో ఉమయ్యద్‌లను కూల్చిన అబ్బాసీ వంశం తిరుగుబాటుకు తూర్పు ఇరాన్ వైపున్న ఖురాసాన్ నుంచి వచ్చిన బలానికి ఈ అసంతృప్తి కూడా ఒక కారణం. సోదరత్వ సూత్రం ఇక్కడ పాలకులను నిలదీసే ఆయుధమైంది. బానిసలకు విముక్తి ఇవ్వడం పుణ్యమని బోధించినా, సౌదీ అరేబియాలో బానిసత్వం చట్టరీత్యా రద్దయింది 1962లోనే.

అలాగని ఆదర్శం ఉత్తమాటగా మిగిలిపోలేదు. అమెరికాలో తెల్లజాతివాళ్లంతా శత్రువులేనని ప్రసంగించిన నల్లజాతి ముస్లిం నాయకుడు మాల్కం ఎక్స్, 1964లో హజ్ యాత్రలో అన్ని రంగులవాళ్లతో ఒకే పళ్లెంలో తిన్న తర్వాత తన అభిప్రాయం మార్చుకున్నారు.

అపోహ: రాజకీయాల్లో ముస్లిం దేశాలన్నీ ఒకే మాట మీద ఉంటాయి.

వాస్తవం: 656లో జమల్, 657లో సిఫ్ఫీన్ యుద్ధాలు ప్రవక్త సహచరుల మధ్యే జరిగాయి. 1916లో మక్కా షరీఫ్ (పాలకుడు) హుస్సేన్ తిరగబడింది ఉస్మానీ (ఒట్టోమన్ తుర్క్) ఖలీఫా మీదే. 1971లో పాకిస్తాన్ చీలింది. 1980 నుంచి 1988 దాకా ఇరాన్, ఇరాక్ యుద్ధం చేశాయి. 1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. 1969లో ఏర్పడిన ఇస్లామిక్ సహకార సంస్థలో 57 సభ్య దేశాలున్నా, వాటి నిర్ణయాలను నడిపేది ఎక్కువగా సరిహద్దులు, చమురు, అధికారమే.

అపోహ: ఇస్లామిక్ సోదరత్వం, ముస్లిం బ్రదర్‌హుడ్ ఒకటే.

వాస్తవం: ముస్లిం బ్రదర్‌హుడ్ 1928లో ఈజిప్టులోని ఇస్మాయిలియాలో హసన్ అల్ బన్నా స్థాపించిన సంస్థ. దాన్ని వ్యతిరేకించే ముస్లింలు కోట్లలో ఉన్నారు.

అపోహ: దీని ప్రభావమంతా రాజకీయాల్లోనే కనిపిస్తుంది.

వాస్తవం: సమాజంలోనే ఎక్కువగా కనిపిస్తుంది. కనీస పరిమితికి మించి పొదుపున్నవారు ఏటా అందులో 2.5 శాతం జకాత్ (తప్పనిసరి దానం) ఇవ్వాలి. అది పేదలు, అప్పుల్లో మునిగినవారు, దారి ఖర్చు లేని ప్రయాణికులు సహా 8 రకాలవారికి చెందుతుంది. 14వ శతాబ్దంలో అనటోలియాలో (నేటి టర్కీలో) తిరిగిన యాత్రికుడు ఇబ్న్ బతూతా అక్కడి ‘అఖీ’ సంఘాల గురించి రాశారు. చేతివృత్తులవాళ్లు రోజు సంపాదన ఒకచోట పోగుచేసి బాటసారులకు అన్నం పెట్టేవారు. లాదిక్ అనే ఊళ్లో ఆయనకు ఆతిథ్యం ఎవరివ్వాలన్న విషయమై రెండు సంఘాలవాళ్లు కత్తులు దూసుకుంటే, దొంగలేమోనని ఆయన హడలిపోయారట.

ప్రభుత్వం చేతుల్లోకి వెళ్లగానే ఇదే వ్యవహారం చిక్కుల్లో పడుతుంది. 1980లో పాకిస్తాన్ ప్రభుత్వం బ్యాంకు ఖాతాల నుంచి నేరుగా జకాత్ కోసుకునే చట్టం తెచ్చింది. తమ ధర్మశాస్త్రం ప్రకారం అది చెల్లదని షియాలు ఇస్లామాబాద్‌లో పెద్దఎత్తున నిరసన తెలిపారు, ప్రభుత్వం వాళ్లకు మినహాయింపు ఇవ్వాల్సి వచ్చింది. పేదలకు ఇవ్వడం మీద అక్కడ ఎవరికీ అభ్యంతరం లేదు. ఎవరి చేతుల మీదుగా, ఏ పద్ధతిలో ఇవ్వాలన్నదే గొడవ.